తోక తియ్యాలా, ఉంచాలా?

దడేల్! గాలికి తలుపు కొట్టుకుంది. ఆ వెంటనే ఒక అరుపు.

కొత్తవలసలో వేసవి గాలివాన. కరెంటు పోయి అరగంటయింది. కిరండూల్ లైన్లోంచి ఇనుప ఖనిజం గూడ్సు దిగుతోంది, కిటికీ ఊచలు గడగడలాడుతున్నాయి. సెల్లు వెలుగులో గడప మీద రక్తం, బూడిదరంగు వెంట్రుకలు. పిల్లి మాత్రం లేదు.

"ఓలమ్మో! తోక తలుపులో పడిపోనాదిరా!" మామ్మ కేకేసింది.

బియ్యం బస్తాల వెనక దొరికింది. పట్టుకోబోయిన తండ్రి మణికట్టు మీద గోళ్లు దింపింది. ఆయన ఆ గీతల్ని లుంగీకి తుడిచేసుకున్నాడు. తోక చివర చర్మం జారిపోయి ఎముక తెల్లగా కనిపిస్తోంది. సందులోంచి విదిలించుకుని లాక్కుందేమో, మొదలు దగ్గర్నుంచీ జీవం లేకుండా వేలాడుతోంది.

మామ్మ పసుపు డబ్బా మూత తీస్తుంటే, కోడలు పాత చీర చింపుతుంటే, పెద్ద గుంటడు "కోసీమను, ఏటవుతాది?" అని గొణుగుతుంటే, తండ్రి అల్మారాలో తడిమి జ్వరం మాత్ర సగానికి విరిచి, పాలల్లో నూరి, దవడ పట్టుకుని పిల్లి నోరు తెరవబోతుండగా చిన్నమ్మాయి చేతిలో ఫోను పలికింది: "ఏం మాత్ర అది?"

అవతల పశువుల డాక్టరు.

"పారాసెటమాల్ సార్."

"పారబొయ్యండి! ముందు పారబొయ్యండి!"

మన కాలేయం ఆ మందుని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలదు. మందు విషమై, నెత్తురు ప్రాణవాయువుని మొయ్యలేకపోతుంది. ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోగలదు.

"శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కోయడం సంగతి రేపు. ఒక్కటి చెప్పండి, ఉచ్చ పోసిందా?"

ఎవరూ పలకలేదు.

తెల్లారింది. ఇసక తొట్టి పొడిగానే ఉంది.

అట్టపెట్టెలో పిల్లి. పెందుర్తి మీదుగా విశాఖ. అక్కడి డాక్టరు ముందు తోక ముట్టుకోలేదు, పొట్ట తడిమాడు. మూత్రసంచి రాయిలా బిగిసి ఉంది. తోకని గట్టిగా లాగితే మొదట్లో నరాలు సాగిపోతాయి. ఉచ్చకీ దొడ్డికీ వెళ్లే నరాలూ ఆ పక్కనే. అవి చచ్చుబడితే తోక తీసినా లాభం ఉండదు.

పటకారుతో తోక మొదలు నొక్కాడు. చలనం లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

పిల్లి గిర్రున తిరిగి బుస్సుమంది.

"నొప్పి తెలుస్తోంది. ఆశ ఉంది" అన్నాడు.

చర్మం ఊడిన చివరి ముక్క మాత్రం తీసేశారు. మిగతాది ఉంచారు. మూత్రసంచిని పూటపూటా ఎలా నొక్కి ఖాళీ చెయ్యాలో కోడలికి నేర్పారు. నెల లోపు నరాలు కోలుకోకపోతే ఆ తర్వాత కష్టమే. నాలుగో రోజుకి పిల్లి దానంతటదే పోసింది. మామ్మ బెంగ మాత్రం తోక మీదే. నిజానికి తోక మొత్తం పోయినా పిల్లులు మళ్లీ గోడలెక్కుతాయి.

విశాఖ తీసుకెళ్లిన రోజు గుమ్మం దాటబోతుంటే డాక్టరు ఆపాడు. "ఆ చేతికేమైంది?"

"గీరీసింది బాబూ. తుడిసీసినాను."

తుడిస్తే సరిపోదు. పిల్లి గీరినా రేబిస్ ముప్పు ఉంది. సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పావుగంట కడగండి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా అక్కడ ఉచితం.