కాలువ నీరు – పట్టణ జీవితం: తెనాలి

ఆంధ్ర చరిత్రలో పట్టణం అనగానే మీకు మచిలీపట్నం వంటి రేవులో, కొండవీడు వంటి కోటలో గుర్తుకు రావచ్చు. చుట్టుపక్కల పల్లెల పంట మీదే ఆధారపడి ఎదిగిన చిన్న పట్టణాల కథ వేరు. అందుకు తెనాలి మంచి ఉదాహరణ.

1832-33లో వచ్చిన కరువుకు గుంటూరు ప్రాంతంలో లక్షకు మించి జనం బలయ్యారు. ప్రజలు దానిని డొక్కల కరువు అన్నారు. పక్కనే కృష్ణానది ఉన్నా నీరు పొలాలకు చేరే మార్గం లేదు. 1852-55 మధ్య విజయవాడ వద్ద ఆనకట్ట కట్టిన తరువాత పశ్చిమ డెల్టాకు కాలువలు వచ్చాయి. మెట్ట పైర్ల స్థానంలో వరి విస్తరించింది. కాలువల్లో పడవలు, ఆ తరువాత రైళ్లు ధాన్యాన్ని దూర ప్రాంతాలకు చేర్చాయి. మూడు కాలువలు సాగే తెనాలిలో బియ్యం మిల్లులు, కొట్లు వెలిశాయి. 1909లో అది మునిసిపాలిటీ అయింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. తిండికి పోగా మిగిలిన ధాన్యమే రైతు కుటుంబాల పిల్లలను బడికి పంపింది, నాటకాలను పోషించింది. రామవిలాస సభ ప్రదర్శనల్లో స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు నటించారు. పురాణాలను ప్రశ్నించిన త్రిపురనేని రామస్వామి చౌదరి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారు. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి వంటి రచయితలు ఈ నేలలోనే పుట్టారు. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు ఇక్కడే ప్రాణాలు కోల్పోయారు. రణరంగ చౌక్‌లోని స్థూపాలు వారి స్మారకాలు.

అయితే ఆ మిగులు ఎవరి శ్రమ ఫలితం? నాట్లు వేసినవారు, కోతలు కోసినవారు, ఏడాది పొడవునా పాలేర్లుగా పనిచేసినవారు చాలావరకు భూమి లేని కుటుంబాలవారు, అందులోనూ ఎక్కువమంది దళితులు. కూలి తరచుగా ధాన్యం రూపంలోనే అందేది. కాలువ నీరు పొలం ఉన్నవారికి ఆస్తిని పెంచింది. పొలం లేనివారికి పనిదినాలను పెంచింది. ఈ తేడా పట్టణంలోని బడిలోను, నాటకశాలలోను, పల్లెలోని మంచినీటి బావి దగ్గర కూడా కనిపించేది.

తరువాతి కాలంలో దళిత యువకులు చదువుకుని, సినిమా హాలులో అందరితో సమానంగా కూర్చోవడం మొదలుపెట్టారు. 1991లో తెనాలికి సమీపంలోని చుండూరులో, సినిమా హాలులో కాలు తగిలిందన్న గొడవతో మొదలైన ఉద్రిక్తత పెరిగి, ఆగస్టు 6న 8 మంది దళితుల హత్యకు దారితీసింది. డెల్టా సంపదను, సంస్కృతిని వివరించే చరిత్రలో ఈ సంఘటనకు కూడా చోటు ఉండాలి. ఎందుకంటే ఒక పట్టణ సంస్కృతిని అంచనా వేయాలంటే అక్కడ ఎన్ని నాటకాలు ఆడారన్నది ఒక్కటే చాలదు. వాటిని చూడటానికి ఎవరు ఎక్కడ కూర్చోగలిగారన్నది కూడా తెలియాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీకు తెలిసిన ఒక వ్యవసాయ పట్టణాన్ని ఎంచుకోండి. అక్కడి ప్రధాన పంట, నీటి వనరు, మార్కెట్ ఏవి? బడి, గ్రంథాలయం, సినిమా హాలు ఎవరికి ముందు, ఎవరికి ఆలస్యంగా అందుబాటులోకి వచ్చాయో పెద్దలను అడిగి, పది వాక్యాల్లో రాయండి.