బోథ్ పేరు టీవీలో వినబడ్డ వారం

2018 డిసెంబర్ 7 సాయంత్రం. తెలంగాణలో పోలింగ్ అలా ముగిసిందో లేదో, లగడపాటి రాజగోపాల్ మైకుల ముందుకొచ్చి లెక్క చెప్పారు: ప్రజా కూటమికి 65, టీఆర్ఎస్‌కు 35, అటూ ఇటూ ఓ పది. 11న పెట్టెలు తెరిస్తే 119లో టీఆర్ఎస్‌కు 88. ఇంక మీమ్స్ చూడాలి. కరీంనగర్‌లో మా బాపు టీవీ ముందు కూర్చుని, "నేను జెప్పలేదా? గాయిన సర్వే ఎట్ల నమ్మినవ్‌రా?" అన్నాడు.

బాపు కోపానికి చరిత్ర ఉంది. విభజనను ఆఖరిదాకా అడ్డుకుని, 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన విజయవాడ ఎంపీ ఆయనే. అందుకే నేను చూసిన చర్చల్లో 'ఎవరి సర్వే' అన్నదే ప్రశ్న, 'ఏ లెక్క' అని కాదు. ఆఫీసులో అంకె తప్పొస్తే మేం ఇన్‌పుట్ చూస్తాం, కోడ్ రాసినవాడి ఊరు అడగం.

ఆ గోలలో ఓ చిన్న సంగతి మరుగునపడింది. పెద్ద పార్టీలతో పనిలేకుండా గెలుస్తారని పోలింగ్‌కు ముందే లగడపాటి కొన్ని పేర్లు చెప్పారు. వాళ్ళలో ఇద్దరిది ఉమ్మడి ఆదిలాబాద్: బోథ్‌లో అనిల్ జాదవ్, బెల్లంపల్లిలో గడ్డం వినోద్. ఇద్దరూ ఓడారు. బోథ్ పేరు టీవీలో అలా వచ్చి ఇలా పోయింది.

కానీ అక్కడ నడుస్తున్న కథ వేరే. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలకు వచ్చిన ఎస్టీ హోదా మీద వివాదం ముదిరి, 2017 చివర్లో ఉట్నూరు వైపు ఆదివాసీలకూ లంబాడాలకూ ఘర్షణలు జరిగాయి. బోథ్ ఎస్టీ సీటు. అక్కడ తుడుందెబ్బ నాయకుడు సోయం బాపురావు కాంగ్రెస్ తరఫున నిలబడి, టీఆర్ఎస్ అభ్యర్థి రాథోడ్ బాపురావు చేతిలో ఓడారు. ఆరు నెలలు తిరక్కుండానే, 2019 మే 23న, అదే సోయం బీజేపీ నుంచి ఆదిలాబాద్ ఎంపీ అయ్యారు. డిసెంబర్‌లో మా కరీంనగర్ అసెంబ్లీ సీటులో ఓడిన బండి సంజయ్ కూడా అదే రోజు ఎంపీగా గెలిచారు. 'సారు కారు పదహారు' అన్న పార్టీ 9 దగ్గర ఆగింది. ఆ రోజు బాపు సర్వేల ఊసే ఎత్తలేదు.

2023లో అనిల్ జాదవ్ బోథ్‌లో గెలిచారు, అదీ సోయంను ఓడించి, బీఆర్ఎస్ గుర్తు మీద. వినోద్ బెల్లంపల్లిలో కాంగ్రెస్ నుంచి గెలిచారు. ఐదేళ్ళు ఆలస్యంగా జోస్యం ఫలించిందా? అదేం కాదు. రాష్ట్రం కారు దిగిన ఏడాది బోథ్ కారులోనే ఉండిపోయింది, అంతే. 2018లో ఉమ్మడి ఆదిలాబాద్ పది సీట్లలో తొమ్మిది టీఆర్ఎస్‌వి. 2023లో బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 4, బీఆర్ఎస్‌కు 2. ఒకే జిల్లాలో మూడు తీర్పులు! 'కాంగ్రెస్ గాలి' అన్న ఒక్క మాటలో ఇవి ఇమడవు.

సర్వేలు చేయొద్దని కాదు, నేనూ చూస్తాను. ఈసారి బాపుతో కూర్చుని చూసేటప్పుడు మాత్రం మొత్తం అంకెను పక్కనపెట్టి, ఆ పది ఊళ్ళనూ ఒక్కొక్కటిగా మాట్లాడుకోవాలని ఉంది. అక్కడ జనం ఆ ఏడాది దేనికోసం కొట్టుకున్నారో అడగాలని ఉంది.