మాలిష్ గిన్నె చేసిన సఫర్

దమ్మామ్ నుంచి మా భాంజీ వీడియో కాల్ చేసింది. బిడ్డకి రెండో నెల నడుస్తోంది. దామాద్‌కి కంపెనీలో పన్నెండు గంటల డ్యూటీ. మా చెల్లి వెళ్దామంటే విజిట్ వీసా పని ఇంకా తెమల్లేదు. పరాయి ముల్కులో నాలుగు గోడల మధ్య ఆ పిల్లా, ఆ పసిగుడ్డూ అంతే.

"మామూ, నేను ఆన్‌లైన్ క్లాసులో చేరాను. ప్రతి జుమేరాత్ సాయంత్రం. ఎనిమిది మంది తల్లులం ఉంటాం. బిడ్డకి మాలిష్ ఎలా చేయాలో చెప్తారు" అంది. ఫీజెంతో కూడా చెప్పింది. పక్కన తస్బీహ్ తిప్పుతున్న అమ్మీ టక్కున ఆగి, "హమారాచ్ తేల్ హమ్‌కోచ్ బేచ్‌రైఁ" అంది.

అందరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు. పాత పత్రికా ఉద్యోగం ఖరాబ్ ఆదత్, ఎవరేమన్నా నిజమో కాదో చూడాలనిపిస్తుంది. చూస్తే అమ్మీ వెటకారంగా అన్నది తారీఖ్ ప్రకారం దాదాపు హకీకతే.

ఫ్రెడరిక్ లెబోయే అని ఫ్రాన్స్ దేశపు కాన్పుల డాక్టర్ ఒకాయన ఉండేవాడు. ఆయన కలకత్తాలో ఒక తల్లిని చూశాడు. నేల మీద కాళ్లు చాపుకుని, పిక్కల మీద బిడ్డని పడుకోబెట్టి నూనె రాస్తోంది. ఆమె పేరు శాంతల. ఆయన ఫోటోలు తీసుకెళ్లి 1976లో పుస్తకం వేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. బ్రెజిల్‌లో ఈరోజుకీ పసిపిల్లల మాలిష్‌ని 'శాంతల' అనే పిలుస్తారు. విమలా మెక్‌క్లూర్ అనే అమెరికన్ యువతి 1973లో మన దేశంలో ఒక యతీమ్‌ఖానాలో పనిచేస్తూ ఇదే విద్య నేర్చుకుంది. స్వదేశం వెళ్లి, దానికి స్వీడన్ పద్ధతి కొంత కలిపి, అక్కడి తల్లులని ఒకచోట కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టింది. అదే క్లాస్ అయ్యింది. తర్వాత టీచర్లకి ట్రైనింగ్, సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఉన్న ఒక టీచరే ఇప్పుడు తెర మీద ప్లాస్టిక్ బొమ్మని పట్టుకుని మా భాంజీకి నేర్పుతోంది.

శాంతలకి కనీసం పుస్తకం మీద పేరన్నా దక్కింది. కర్నూలులో మా ఇంటికొచ్చే దాయికి అదీ లేదు. మమ్మల్నందరినీ నువ్వుల నూనెతో, శనగపిండితో రుద్ది నీళ్లు పోసింది ఆమే. పొద్దున్నే వచ్చేది, పది దాకా ఉండేది. చిల్లా నహాన్ రోజు ఒక చీర, కొంచెం బియ్యం, చిల్లర. ఆమె అసలు పేరు అమ్మీకి కూడా గుర్తు లేదు.

మాలిష్ ఒక్కటే కాదు, పాట సంగతీ చెప్పాలి. రిచర్డ్ ఈటన్ అనే అమెరికన్ చరిత్రకారుడు బీజాపూర్ సూఫీల మీద 1978లో తెచ్చిన పుస్తకంలో మన దక్కనీ ఆడవాళ్ల పాటల గురించి రాశాడు. తిరగలి తిప్పుతూ పాడేది చక్కీనామా, రాట్నం ముందు చర్ఖానామా, ఊయల దగ్గర లూరీనామా. ఖాన్‌ఖాహ్‌లోని మాట గడప దాటి ఇళ్లలోకి వచ్చింది ఈ పాటల మీదే అంటాడాయన. ఊయల ఊపే ఆడవాళ్లు తారీఖ్ నడిపారని నాకు ఏ స్కూల్లోనూ చెప్పలేదు. ఉర్దూ మీడియంలో మాకు బాద్‌షాహ్‌ల పేర్లే బట్టీ పట్టించారు.

2018లో లండన్‌లో ఒక పరిశోధన బయటికొచ్చింది. కాన్పు తర్వాత దిగులులో పడ్డ 134 మంది తల్లులని మూడు భాగాలు చేశారు. కొందరు బిడ్డలతో వచ్చి పది వారాలు కలిసి పాడారు. కొందరు కలిసి ఆటలాడించారు. మిగతావాళ్లకి మామూలు వైద్యమే. చివరికి అందరూ కొంతైనా తేరుకున్నారు గానీ, దిగులు ఎక్కువగా ఉన్నవాళ్లలో పాడినవాళ్లు తొందరగా తేరుకున్నారు. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసుకున్నాక ఆ పాటల కూటమి కూడా ఆన్‌లైన్‌కి మారింది. మాలిష్ మీద 2001లోనే అక్కడ ఒక చిన్న పరిశీలన జరిగింది. దిగులుతో ఉన్న 34 మంది తొలిచూలు తల్లులు. కొందరికి కలిసి మాట్లాడుకునే కూటమి మాత్రమే, మిగతావాళ్లకి దాంతోపాటు ఐదు వారాలు మాలిష్ క్లాస్. మాలిష్ నేర్చినవాళ్లు బిడ్డతో మెలగడంలో తేడా బాగా కనబడింది.

ఇక్కడ నేను గర్వంగా 'చూశారా, అంతా మనదే' అని రాసి ముగించవచ్చు. వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది కూడా. కానీ అది సగం నిజం.

మన చిల్లా నలభై రోజుల్లో అఛ్వానీ, హరీరా, గోంద్ లడ్డూ ఉన్నాయి. చుట్టూ నానీ, ఖాలా, ఫుప్పూ ఉన్నారు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి నాలుగు జతల చేతులు. అలాగే ముర్రుపాలు పిండి పారబోయించిందీ ఆ గదే. ఆడపిల్ల పుడితే మొహాలు మాడ్చుకున్నదీ ఆ గదే. అసలు నలభై రోజుల ఆరామ్ ఎవరికి దక్కింది? మా పేటలో బీడీలు చుట్టే ఒక ఖాలా, కాన్పైన పదిహేనో రోజుకే చేట ఒళ్లో పెట్టుకుంది. ఇంకొకటి, ఆ గదిలో తల్లి దిగులుకి పేరు లేదు. సాయా అనేవాళ్లు, నజర్ అనేవాళ్లు.

తల్లీబిడ్డల బంధాన్ని చదువుగా మార్చినవాళ్లు జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్. ఐన్స్‌వర్త్ మొదట గమనించింది యుగాండాలో 26 కుటుంబాల ఇళ్లలో కూర్చుని. పేద ఆఫ్రికా తల్లుల వాకిట్లో పుట్టిన శాస్త్రమిది. ఆ మమతా కుదరని తల్లిని నిందించకుండా చేయి పట్టుకోవచ్చని చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో డాక్టర్ ఆతిఫ్ రహ్మాన్ బృందం, పెద్ద చదువులేని లేడీ హెల్త్ వర్కర్లకి మాట్లాడే పద్ధతి నేర్పింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి దిగులుతో ఉన్న గర్భిణులతో, బాలింతలతో కూర్చున్నారు. 2008లో ఫలితాలు వచ్చాయి. మొత్తం 903 మంది తల్లులు. బిడ్డకి ఆరు నెలలు నిండేసరికి, ఈ తరహాలో మాట్లాడినవాళ్లలో దిగులు జబ్బు మిగిలింది 23 శాతానికే. మామూలు పరామర్శ మాత్రమే దొరికినవాళ్లలో 53 శాతం. దవా లేదు, పెద్ద డాక్టర్ లేడు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతినే మాన్యువల్‌గా తెచ్చింది. మన జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో నెలనెలా ఆడవాళ్లు గుంపుగా కూర్చుని మాట్లాడుకున్న మూడేళ్లలో పసికందుల మరణాలు 32 శాతం తగ్గాయి. వాళ్లకి జూమ్ లేదు, చెట్టు నీడ ఉంది.

రెండో జుమేరాత్ భాంజీ ఫోన్‌ని దిండుకి ఆనించి క్లాస్ మాకూ వినిపించింది. మైకులన్నీ ఆపేసి ఉన్నాయి, లేకపోతే ఎనిమిది మంది పిల్లల ఏడుపు ఒకేసారి. టీచర్ అరచేతులు రుద్దుకుని, ముందు బిడ్డని ఇజాజత్ అడగండి అంది. అమ్మీ పడీపడీ నవ్వింది, "బచ్చే కో పూఛ్‌కే మాలిష్!" అని. తర్వాత టీచర్ ఇంగ్లీషులో ఏదో నెమ్మదిగా చెప్పింది. భాంజీ తర్జుమా చేసింది: "నానీ, కొందరికి బిడ్డని చూడగానే ముహబ్బత్ రాదంట. వారాలు పడుతుందంట. అది తల్లి తప్పు కాదంట."

అమ్మీ నవ్వు ఆగిపోయింది.

ఇషా తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టింది. మా చెల్లి పుట్టినప్పుడు నలభై రోజులు ఆమె బిడ్డ మొహం సరిగా చూడలేదట. పాలిచ్చేదట, అటు తిరిగి పడుకునేదట. తావీజు కట్టారు, దమ్ చేసిన నీళ్లు తాగించారు. "నాకేమీ కనిపించలేదు బేటా, ఏ సాయా లేదు. ఉత్తగా ఏడుపొచ్చేది. ఎవరికి చెప్పాలి?" దాయి ఒక్కతే ఏమీ అనేది కాదట. రోజూ అమ్మీ కాళ్లు చాపించి, చెల్లిని పిక్కల మీద పెట్టి, అమ్మీ చేతిని తన చేత్తో పట్టుకుని నూనె రాయించేదట. చిల్లా అయిపోయాక కూడా, ఎవరూ పిలవకపోయినా, చాలా రోజులు వచ్చిందట.

ఇది చెల్లికి తెలియదు. చెప్పాలా వద్దా అని అమ్మీ అడిగితే నేను జవాబివ్వలేకపోయాను. నా భార్య మొదటి కాన్పప్పుడు నైట్ డెస్క్ చేసి ఇంటికొచ్చేవాణ్ణి. ఆమె ఊరికే ఏడుస్తుంటే 'నిద్ర చాలక' అని దుప్పటి కప్పుకున్నవాణ్ణి.

మూడో జుమేరాత్ అమ్మీ తనే నన్ను ఫోన్ కలపమంది. టీచర్ కడుపు మీద చేయి తిప్పే తీరు చూపిస్తోంటే ఉండబట్టలేక, "నూనె ముందు చేతిలో వెచ్చబెట్టుకోమను" అంది. భాంజీ మైక్ తెరిచి ఆ మాట చెప్పింది. టీచర్, మీ నానీ ఎలా చేసేవారో చూపిస్తారా అని అడిగింది. డెబ్బై రెండేళ్ల మోకాళ్లు. మెల్లగా చాప మీద కూర్చుని కాళ్లు చాపింది. బిడ్డ లేదు కాబట్టి చిన్న దిండు పిక్కల మీద పెట్టుకుంది. చేయి ఆడుతుంటే ఏదో లోరీ అందుకుంది. ఒక వరస వచ్చింది, రెండోది గుర్తు రాలేదు. మళ్లీ మొదటి వరసే పాడింది. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అటువైపు కెమెరా ఆపేసుకున్న ఇద్దరు తల్లులు ఒకరి తర్వాత ఒకరు కెమెరా తెరిచారు.