మేడమీది నీరు, దొడ్డిలోని తొట్టి

మరుగుదొడ్డి యను మాటలోనే మన పూర్వుల గృహనిర్మాణ పద్ధతి దాగియున్నది. దొడ్డి యనగా పెరడు. పెరటిలో చాటున నుండు తావు మరుగుదొడ్డి. వంటయింటికి, నూతికి అది యెంత దూరమైన అంత మేలని వారు తలచిరి. అట్టి దానిని ఇంటిలోనికి, అందును మేడమీదికి, పడకగది సరసకు తెచ్చుకొనుట సామాన్యమైన మార్పు కాదు. నెల్లూరు సీమలో మిద్దెపై మరియొక అంతస్తు లేపువారు స్నానపు గదికి పరచు పలకల రంగును గూర్చి పలుమారులు విచారింతురు. గోడవెంట దిగు గొట్టములను గూర్చి అడుగువారు తక్కువ.

ఆ గొట్టములు నేటివి కావు. సింధు నది చెంతనున్న మొహెంజొదారోలో సుమారు 4,500 ఏండ్లనాడే మేడమీది నీటిని దించుటకు గోడలలో మట్టిగొట్టములు అమర్చిరి. వీధి కాలువలపై ఇటుకలు కప్పిరి. అయినను గొట్టమున కొక స్వభావము కలదు: నీరు దిగిన త్రోవనే వాసన పైకి వచ్చును. దీనికి చక్కని ఉపాయము 1775లో లండనులోని అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారములు చేయువాడు చూపెను. గొట్టమును వంకరగా వంచినచో ఆ వంపులో కొంచెము నీరు నిలిచిపోవును. ఆ నీరే వాసనకు తలుపు. నేడు మన పనివారు ట్రాప్ అనునది ఇదియే. రెండంగుళముల లోతు నీరు అందు నిలిచిన చాలును.

మేడమీద ఈ తలుపునకే ఆపద. పైనుండి ఒక్కపెట్టున దిగు నీరు గొట్టము నిండుగా పడుచు తన వెనుకనున్న గాలిని లాగుకొనును. గాలి రాదగిన వేరు త్రోవ లేనిచో ట్రాపులోని నీటినే పీల్చివేయును. నూనె డబ్బాకు ఒక మూలనే చిల్లు పెట్టినచో నూనె గుటగుటమని ఆగి ఆగి వచ్చుటయు, రెండవ మూలను చిల్లు పెట్టగనే ధారగా పడుటయు ఇల్లాండ్రందరు ఎరిగినదే. పైన బకెట్టు నీరు కుమ్మరించినపుడు క్రింది తూములో గుటగుట వినబడినచో అది ఆ డబ్బా పలుకే. మేడ కప్పును దాటి, కిటికీలకు దూరముగా ఆకాశములోనికి తెరచియుండు గాలిగొట్టమే ఆ రెండవ చిల్లు. వాన పడునని దాని నోటికి మూత బిగించుట మేము చూచుచునే యున్నాము. వల చాలును, మూత కూడదు.

వాసన తొలగినంతనే భయము తొలగినదని 19వ శతాబ్దిలో లండను తలచెను. దుర్గంధమే కలరాకు మూలమని నాటి నమ్మకము. 1854లో జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధి పంపు నీటిని చూపి, రోగము త్రాగునీటిలో వచ్చుచున్నదనెను. 1858 వేసవిలో థేమ్సు నది కంపు పార్లమెంటు సభ్యులకు సోకినపిమ్మటగాని పెద్ద మురుగు కాలువలకు ధనము రాలేదు.

స్నో మాట మన తీరమునకు మిక్కిలి వర్తించును. మైపాడు, తూపిలిపాళెము వంటి తావులలో నేల ఇసుక. ఉప్పునీటిపై తేలు మంచినీటిని మనవారు లోతులేని దొరువులలో తోడుకొని పంటలు పండించిరి. ఆ ఇసుకలో పైనీరు ఎంత సులువుగా ఇంకునో, అడుగు కట్టని గుంటలోని మురుగు అంత సులువుగా నూతిని చేరును. మేడమీద ఎంత శుభ్రముగా నున్నను గొట్టపు కడకొన ఎచ్చట తేలునో చూడక తీరదు.

1895లో ఇంగ్లండులోని ఎక్సెటరులో డొనాల్డ్ కామెరాన్ కట్టిన సెప్టిక్ టాంకు ఆ కడకొనకు ఒక రూపము. అంతకుముందు మన పట్టణములలో ఆ కడకొన మనుష్యుని తలమీది గంప. ఈ విద్య చదివిన నెల్లూరు వంశీయుడొకరు కలరు. ఆంధ్ర రాష్ట్రమునకై 1952లో ప్రాణము విడిచిన పొట్టి శ్రీరాములుగారిని ఎరుగనివారు లేరు; ఆయన బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటులో పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివినట్లు ఎరిగినవారు అరుదు. గొట్టముల లెక్క నేర్చిన ఆయనయే నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయములో హరిజన ప్రవేశమునకై ఉపవసించెను. జిల్లాకు 2008లో ఆయన పేరు పెట్టిరి.

గంప మోయించుటను 1993 చట్టము నిషేధించెను. తగిన రక్షణ సాధనములు లేకుండ మనుష్యుని తొట్టిలోనికి దింపుటను 2013 చట్టము నిషేధించెను. కప్పుపై గాలిగొట్టమున్నను తొట్టి లోపలి గాలి ప్రాణాంతకమే. మూత తీసి కొంతసేపు ఆగినచో చాలునను మాట నమ్మరాదు. యంత్రముతో తోడు బండిని పిలిపింపవలెను, ఆ బండి గొట్టము అందుటకు వీలుగా మూతను ఇల్లు కట్టునాడే అమర్చుకొనవలెను. అట్టి తొట్లలోను, మురుగు కాలువలలోను మరణించినవారి కుటుంబములకు 2014లో సుప్రీంకోర్టు 10 లక్షల రూపాయల పరిహారము విధించెను. 2023లో దానిని 30 లక్షలకు పెంచెను.