రొడీషియా సంక్షోభం: బ్రిటన్ పంపని సైన్యం

నేటి జింబాబ్వేకు ఒకప్పటి పేరు రొడీషియా. 1965 నవంబరు 11న అక్కడి తెల్లవారి ప్రభుత్వం బ్రిటన్ అనుమతి లేకుండా తనకు తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అప్పటికి తెల్లవారు సుమారు 2.2 లక్షలు, నల్లవారు 40 లక్షల పైచిలుకు. చట్టం దృష్టిలో అది రాజద్రోహం. దాన్ని అణచడానికి బ్రిటన్ సైన్యాన్ని దింపి ఉంటే ఏమయ్యేదన్నది వలసపాలన అంతాన్ని గురించిన ఊహాచరిత్రలో పాతబడని ప్రశ్న. చాలామంది దీన్ని ప్రధాని హెరాల్డ్ విల్సన్ తెగువకు పెట్టిన పరీక్షగా చూస్తారు. నిజానికి విల్సన్ గద్దెనెక్కకముందే సగం జవాబు ఖరారైపోయింది.

నేపథ్యం

1890లో సెసిల్ రోడ్స్ కంపెనీ పంపిన దండు నేటి హరారే ఉన్నచోట సాలిస్‌బరీ కోటను నిలిపింది. 1896-97లో తిరగబడిన ఎన్డెబెలే, షోనా ప్రజలను అణచివేశారు. 1922 రెఫరెండంలో దక్షిణాఫ్రికాలో కలవబోమని తెల్ల ఓటర్లు తేల్చిచెప్పాక, మరుసటి ఏడే లండన్ వారికి స్వపరిపాలన ఇచ్చింది. దాంతో పోలీసులు, సైన్యం, ఖజానా స్థానిక తెల్లవారి చేతికి వచ్చాయి. 1930 నాటి భూపంపిణీ చట్టం దేశంలోని నేలలో సుమారు సగాన్ని వారికే కేటాయించింది.

కెన్యాతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ గవర్నరును, సైన్యాన్ని నడిపింది లండనే. 1952లో మొదలైన మౌ మౌ తిరుగుబాటును బ్రిటిష్ బెటాలియన్లు క్రూరంగా అణచివేసిన మాట నిజం. కానీ 1960లో అధికారం మెజారిటీకే అని లండన్ నిర్ణయించినప్పుడు, ఎదురు తిరగడానికి అక్కడి సుమారు 60 వేల మంది యూరోపియన్ల చేతిలో సొంత సైన్యం లేదు. రొడీషియాలో ఉంది.

1963: చేజారిన అవకాశం

ఊహాచరిత్ర రాసేవారు 1965 దగ్గర ఆగిపోతారు గానీ, అసలు మలుపు 1963. ఉత్తర రొడీషియాను (నేటి జాంబియా), దక్షిణ రొడీషియాను (తర్వాత రొడీషియాగా పిలిచినది), న్యాసాలాండ్‌ను కలిపి పదేళ్లు నడిపిన సమాఖ్య ఆ ఏడు రద్దయింది. దాని యుద్ధవిమానాల్లో అధికభాగం, హంటర్లు, కాన్‌బెరాలతో సహా, రొడీషియా రాజధాని సాలిస్‌బరీ వాటాకే దక్కింది. ఆ బలగాన్ని అప్పగించవద్దని కోరుతూ ఆఫ్రికా దేశాల చొరవతో భద్రతామండలికి వచ్చిన తీర్మానాన్ని సెప్టెంబరులో బ్రిటన్ వీటో చేసింది. తాళంచెవులు తానే ఇచ్చిన బ్రిటన్, రెండేళ్లు తిరిగేసరికి తలుపు ఎలా తెరుచుకుందని వాపోవాల్సి వచ్చింది. ఆ విమానాలు లండన్ అధీనంలోనే ఉండి ఉంటే 1964 ఏప్రిల్లో రొడీషియా ప్రధాని అయిన ఇయాన్ స్మిత్ అంత దూరం వెళ్లగలిగేవాడా అన్నది గట్టి సందేహమే. సైన్యాధిపతి మేజర్ జనరల్ జాన్ ఆండర్సన్ ఏకపక్ష స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించాడు. 1964లో ఆయన్ను పదవి నుంచి తప్పించారు. అంటే ఆ సైన్యం అప్పటికింకా మూకుమ్మడిగా స్మిత్ వెంట లేదన్నమాట.

దింపి ఉంటే?

1965 అక్టోబరు 30న, ఇంకా ప్రకటన రాకముందే, బలప్రయోగం ఉండదని విల్సన్ బాహాటంగా చెప్పేశాడు. ఆకాశం నుంచి పిడుగులా రాయల్ ఎయిర్‌ఫోర్స్ వచ్చిపడుతుందని ఎవరూ ఆశపెట్టుకోవద్దన్నది ఆ మాటల సారం. చేతిలోని అస్త్రాన్ని యుద్ధానికి ముందే కింద పెట్టడం వ్యూహంగా ఎంత తెలివితక్కువదో చెప్పనక్కర్లేదు.

సైన్యం వద్దన్నవారి వాదనలూ తేలికైనవి కావు. రొడీషియాకు సముద్రం లేదు. విమానాలు దిగాలంటే జాంబియాయే దిక్కు. ఆ జాంబియా రాగి గనులకు కరెంటు ఇచ్చే కరీబా విద్యుత్కేంద్రం సరిహద్దు నదికి దక్షిణపు ఒడ్డున, అంటే రొడీషియా గడ్డపై ఉంది. దాన్ని బ్రిటిష్ సైన్యం పట్టుకోవాలని జాంబియా అధ్యక్షుడు కెన్నెత్ కౌండా కోరినా విల్సన్ ఒప్పుకోలేదు. డిసెంబరులో కొన్ని జావెలిన్ విమానాలు పంపి ఊరుకున్నాడు. పైగా స్మిత్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన పైలట్. రొడీషియన్లు మలయాలో బ్రిటిష్ దళాలతో భుజం కలిపి పనిచేశారు. అలాంటి రక్తబంధువులపై తుపాకీ ఎత్తమంటే సైనికాధికారులు ఎత్తుతారా అన్న భయం లండన్‌ను వెన్నాడింది. 1961 ఏప్రిల్లో అల్జీర్స్‌లో అధ్యక్షుడు డి గాల్‌పై ఫ్రెంచి జనరల్స్ చేసిన తిరుగుబాటు అప్పటికింకా పాతబడలేదు.

పార్లమెంటులో విల్సన్ లేబర్ పార్టీ ఆధిక్యం వేళ్ల మీద లెక్కపెట్టేంతే కావడం మరో సాకు. 1966 మార్చి ఎన్నికల్లో భారీ ఆధిక్యం వచ్చాక ఆ సాకు పోయింది, సైన్యం మాత్రం కదల్లేదు. చరిత్రకారుడు కార్ల్ వాట్స్ 2005లో ఒక పరిశోధన వ్యాసాన్ని పూర్తిగా ఈ సాధ్యాసాధ్యాలకే కేటాయించాడు. దాడి జరిగి ఉంటే సాలిస్‌బరీ త్వరగా లొంగేదనే అనిపిస్తుంది. ఆ తర్వాత పాలనను ఎవరికి అప్పగించాలన్న దానికి మాత్రం లండన్ దగ్గర సమాధానం లేదు. ఆఫ్రికన్ జాతీయవాదులు జాను, జాపు పార్టీలుగా చీలిపోయి ఉన్నారు. నాయకులు నిర్బంధంలో ఉన్నారు.

బలం స్థానంలో ఆంక్షలు

రొడీషియాపై బ్రిటన్ విధించిన ఆంక్షల ప్రభావం నెలల్లో కాదు, వారాల్లోనే కనిపిస్తుందని 1966 జనవరిలో లాగోస్ కామన్వెల్త్ సమావేశంలో విల్సన్ ధీమాగా చెప్పాడు. అదే ఏడు మొజాంబిక్‌లోని బైరా రేవుకు చమురు చేరకుండా రాయల్ నేవీ మొదలుపెట్టిన గస్తీ 1975 దాకా సాగింది. ఆ ఒక్క రేవును కాపలా కాస్తుంటే దక్షిణాఫ్రికా మీదుగా చమురు వస్తూనే ఉంది. బ్రిటిష్ చమురు కంపెనీల ప్రమేయాన్ని 1978లో బింగ్‌హామ్ నివేదిక బయటపెట్టింది. 1974లో లిస్బన్‌లో నియంతృత్వం కూలి, మరుసటి ఏడు పోర్చుగీసు వలస అయిన మొజాంబిక్ స్వతంత్రమయ్యాకే స్మిత్ ప్రభుత్వానికి ఊపిరాడకుండా పోయింది. ఈలోగా ఆఫ్రికన్ జాతీయవాదుల గెరిల్లా యుద్ధంలో పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి.

చివరికి లండన్‌లోని లాంకస్టర్ హౌస్ చర్చలు కొలిక్కి వస్తుండగా, 1979 డిసెంబరులో బ్రిటిష్ గవర్నరుగా లార్డ్ సోమ్స్ సాలిస్‌బరీలో దిగాడు. కాల్పుల విరమణను పర్యవేక్షించే కామన్వెల్త్ దళంలో అత్యధికులు బ్రిటిష్ సైనికులే. 1980 ఫిబ్రవరి ఎన్నికల్లో తెల్లవారికి కేటాయించిన 20 స్థానాలనూ స్మిత్ పార్టీయే గెలుచుకుంది. మిగిలిన 80లో 57 రాబర్ట్ ముగాబే పార్టీకి వచ్చాయి.