మూసారాం గుట్ట

గడ్డిఅన్నారం పేరు గడ్డితోనే మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు రద్దీలో ఆ గడ్డి ఊహకు కూడా అందదు. మలక్‌పేట వైపు వెళ్లి ఆస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కితే కాస్త అందుతుంది.

మూసీకి దక్షిణాన ఉన్న ఈ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకు కాగి, వానకు తడిసి బండ పైపొర ఉల్లిపొరలా పెచ్చులూడుతుంది. ఆ సందులో చారెడు మన్ను చేరితే చాలు, తొలకరికి గడ్డి మొలుస్తుంది. వేసవికి అదే గడ్డి ఎండి, కాలి కింద చిటపటలాడుతుంది. నాగలి దిగని నేల. ఊళ్లు పల్లంలో చెరువుల పక్కన వెలిశాయి గానీ ఇలాంటి గుట్టల జోలికి రాలేదు.

ఈ గుట్ట చరిత్రకెక్కింది ఒక చావుతో. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టిన మిషెల్ జోకిమ్ రేమండ్ 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. సుమారు 14 వేల మంది సైన్యాన్ని తయారు చేశాడు, ఫిరంగులు పోత పోయించాడు. నగరంలోని గన్‌ఫౌండ్రీ పేట పేరు ఆ పనికి గుర్తే. అతన్ని హిందువులు మూసారాం అనీ, ముస్లింలు మూసా రహీం అనీ పిలుచుకున్నారట. ఓ పరదేశిని జనం అంత దగ్గరగా తీసుకోవడం నన్నెప్పుడూ కదిలిస్తుంది. 1798 మార్చి 25న అతను కన్నుమూశాడు. అదే ఏడాది అక్టోబరులో ఆంగ్లేయులు అతని సైన్యం చేతిలోని ఆయుధాలు లాగేసుకున్నారు. సైన్యం పోయింది, మూసారాంబాగ్ అన్న పేరు మిగిలింది.

ఈ గుట్ట మీదున్న అతని సమాధిపై ఏడు మీటర్ల రాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అని రెండక్షరాలు. ఏటా వర్ధంతికి జనం ఇక్కడికి వచ్చేవారు. 1885లో నిజాం కొలువులోని ప్రముఖుడు ఆస్మాన్ జా పక్కనే కోటలాంటి మహల్ కట్టించాడు. తర్వాత కాలనీలు గుట్టను నాలుగు వైపులా చుట్టుముట్టాయి. పట్టించుకునేవారు లేక 2001లో సమాధి మండపం కూలితే, తర్వాత మళ్లీ కట్టారు. మండపం కాబట్టి కట్టగలిగారు. పగలగొట్టి కంకర చేసిన బండను ఎవరు తెస్తారు?

అప్పటి నేల ఎలా ఉండేదో చూడాలంటే ఎల్‌బీ నగర్ దాటి వనస్థలిపురం వెళ్లాలి. ఒకప్పటి నిజాం వేట భూమి అయిన మహావీర్ హరిణ వనస్థలి అక్కడ 3,758 ఎకరాల్లో ఉంది. విజయవాడ బస్సుల హారన్లు వినిపిస్తుంటే, మోకాలెత్తు గడ్డిలో కృష్ణజింకలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడతాయి.