జిమి హెండ్రిక్స్ మరణానంతర విడుదలలు

అమెరికన్ రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ (1942–1970) మరణించాక వెలువడిన ఆల్బమ్‌లు, పునర్విడుదలలు. ఆయన బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. 1970 సెప్టెంబరు 18న లండన్‌లో మరణించేనాటికి నాలుగోది అసంపూర్తిగా ఉంది.

తొలి విడుదలలు: ఆ అసంపూర్తి ఆల్బమ్ టేపుల్లో కొన్నింటిని సౌండ్ ఇంజనీరు ఎడీ క్రామర్, డ్రమ్మర్ మిచ్ మిచెల్ కూర్చి 1971లో ‘ద క్రై ఆఫ్ లవ్’ తెచ్చారు.

వివాదం: 1975 నాటి ‘క్రాష్ లాండింగ్’ కోసం నిర్మాత అలన్ డగ్లస్ హెండ్రిక్స్ గాత్రం, గిటారు ఉంచి, పాత సహవాద్యాలను చాలావరకు తీసేశారు. వాటి స్థానంలో, హెండ్రిక్స్‌తో ఎన్నడూ వాయించని కళాకారుల చేత కొత్తగా వాయింపజేశారు. దీనిపై అభిమానులు, విమర్శకులు తీవ్రంగా ఆక్షేపించారు.

కుటుంబ యాజమాన్యం: న్యాయపోరాటం తరువాత 1995లో హక్కులు తండ్రి అల్ హెండ్రిక్స్‌కు దక్కాయి. కుటుంబ సంస్థ ‘ఎక్స్‌పీరియన్స్ హెండ్రిక్స్’ 1997లో పాత ఆల్బమ్‌లను రీమాస్టర్ చేయించి మళ్లీ విడుదల చేసింది. అసంపూర్తి ఆల్బమ్‌కు దగ్గరి రూపంగా అదే ఏడు ‘ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్’ వచ్చింది. ‘వ్యాలీస్ ఆఫ్ నెప్ట్యూన్’ (2010), ‘పీపుల్, హెల్ అండ్ ఏంజెల్స్’ (2013), ‘బోత్ సైడ్స్ ఆఫ్ ద స్కై’ (2018) తరువాతి సంకలనాలు.